చేతిరాత బహుమతి వాపసు గురించి

ఆదోని,
తేది: 19-06-2025.

విద్యాశాఖాధికారి వారి సముఖమునకు, దర్జీ పని చేసుకొని బ్రతుకుచున్న షేక్ మెహరున్నీసా పంపుకొను మనవి.

అయ్యా,

విషయం: నా కుమార్తె షేక్ ముస్రత్‌ను ఐదో తరగతి దాటించి నేరుగా ఆరో తరగతిలో చేర్చుకొనుటకును, ఆమె చెప్పినది రాసిపెట్టుటకు ఒక మనిషిని ఇప్పించుటకును, "వైకల్యము లేదు, ప్రతిభయు లేదు" అను కమిటీ వారి తీర్పును రద్దు చేయుటకును, చేతిరాత బహుమతిని వాపసు తీసుకొనుటకును మనవి.

సూచిక: కమిటీ వారి లేఖ, తేది 09-05-2025.

మా వీధి నుండి ప్రభుత్వ కార్యాలయములకు పోయిన అర్జీలు చాలా వరకు నా చేతి మీదుగా పోయినవే. పింఛన్లు, రేషను కార్డులు, వీధి దీపాలు, కొళాయి నీళ్లు, అన్నీ రాశాను. పదో తరగతిలో మా బడికి మొదటి మార్కు నాదే. అందువల్ల "సదరు", "కావున", "తమరి దయకు పాత్రురాలను" వంటి మాటలు నాకు కొట్టిన పిండి. అయితే నా కోసం నేను రాసుకుంటున్న అర్జీ ఇదే మొదటిది. పక్కింటివాళ్ల కష్టం రాసేటప్పుడు చెయ్యి సాఫీగా పోతుంది. ఇప్పుడు పోవడం లేదు. ఎక్కడైనా భాష తప్పితే మన్నించగలరు.

1. నా కుమార్తె ముస్రత్, వయస్సు తొమ్మిది సంవత్సరముల ఏడు నెలలు, మా పేట ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుచున్నది. చదువుచున్నది అని రాయడం వాడుక కాబట్టి రాశాను. బడి తెరిచినప్పటి నుండి రోజూ ఒక పూట ఒకటో తరగతి పిల్లల వరుసలో కూర్చొని పలక మీద అక్షరాలు దిద్దుచున్నది. కమిటీ వారి లేఖ ప్రకారమే ఇది జరుగుచున్నది. మొన్న ఆ వరుసలోని ఆరేళ్ల పిల్ల ఒకతె, "అక్కా, నువ్వు ఎన్నిసార్లు ఫెయిలైనావు?" అని అడిగిందట. నా బిడ్డ ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పి, అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

2. సదరు ముస్రత్‌కు లెక్కలు ఎవరూ నేర్పలేదు. నేను బడి యూనిఫారాలు కుడతాను. దానికి ఏడేళ్లున్నప్పుడు, నేను పద్నాలుగు చొక్కాలకు సుద్దతో గీసి పరిచిన గుడ్డను చూస్తూ కాసేపు కూర్చుంది. "అమ్మీ, చేతుల ముక్కలు తలకిందులు పెట్టు. భుజాల కాడ సందులో పడతాయి. ఇంకో చొక్కా వస్తాది" అన్నది. ఊరికే అన్నదేమో అనుకుని గీతలు చెరిపి మళ్లీ గీశాను. పదిహేనో చొక్కా వచ్చింది. పన్నెండేళ్లుగా కత్తెర పట్టినదాన్ని, నాకు ఒక్కనాడూ ఆ ఆలోచన రాలేదు.

పోయిన డిసెంబరులో హైస్కూలు లెక్కల టీచరు గోదావరి మేడం గారు ఏదో సర్వే పని మీద మా బడికి వచ్చి, వరండాలో కూర్చుని తమ ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నారట. నోట్సు రాయలేదని నా బిడ్డను ఆ రోజు క్లాసు బయట నిలబెట్టారు. మేడం గారు ఒక లెక్కను పైకి చదువుకున్నారు: ఒక కొళాయి తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది, ఇంకొకటి ఆరు గంటల్లో నింపుతుంది, రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపు పడుతుంది?

"రెండు గంటలు మేడం" అన్నది నా బిడ్డ.

"ఎట్ల చెప్పినావు?"

"పెద్దది గంటకు మూడో వంతు, చిన్నది ఆరో వంతు. రెండూ కలిస్తే సగం. అయితే మేడం, తొట్టి అడుగున చిల్లి ఉంటే? నిండు తొట్టిని నాలుగు గంటల్లో ఖాళీ చేసేటి చిల్లి ఉంటే, నింపేకి నాలుగు గంటలు పడతాది."

"లెక్కలో చిల్లి లేదు గదా పాపా."

"మా ఇంటి తొట్టికి ఉంది మేడం."

మేడం గారు ఆ సాయంత్రమే దర్జీ షాపు ఎక్కడని అడుగుతూ మా ఇంటికి వచ్చారు. తర్వాత ఎనిమిది శనివారాలు నా కుట్టు మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎనిమిదో తరగతి లెక్కలు నోటితో అడిగి నోటితోనే జవాబులు చెప్పించుకున్నారు. ఈ పిల్లను ఐదు దాటించి ఆరో తరగతిలో వేయాలని, లెక్కల క్లాసుకు మాత్రం ఎనిమిదిలో కూర్చోబెట్టాలని, రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని సిఫారసు రాసి ఇచ్చారు. దాని నకలు జతపరిచాను.

3. సదరు ముస్రత్‌కు రాయడం రాదు. బోర్డు మీది రెండు వాక్యాలు పుస్తకంలోకి దించుకోవడానికి ఒక పూట పడుతుంది. దించినదాన్ని తర్వాత తానే చదువుకోలేకపోతుంది. దీన్ని డిస్లెక్సియా అంటారని, ఇది జబ్బు కాదు, తెలివి తక్కువా కాదు, సోమరితనం అసలే కాదని మేడం గారు చెప్పారు. ఆ మాట విని నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మేడం గారు సంతోషం అనుకున్నారు. అది సంతోషం కాదు. ఎందుకో ఆరో అంశంలో విన్నవించుకుంటాను.

4. ప్రధానోపాధ్యాయులు శ్రీపాదరావు సారు మంచివారు. సిఫారసును కంప్యూటరులో ఎక్కించడానికి ఆయనే కూర్చున్నారు. ఫారంలో ప్రతిభ గల విద్యార్థి అని ఒక గడి, అభ్యసన వైకల్యం గల విద్యార్థి అని ఒక గడి ఉన్నాయి. ఒక దాంట్లో టిక్కు పెడితే రెండోది మూసుకుపోతుంది. సారు నాలుగైదు సార్లు పెట్టి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం చేసేది మెహరున్నీసమ్మా, తెలివి ఉండేటి పిల్లలకు ఒక గడి ఉంది, రాత రాని పిల్లలకు ఒక గడి ఉంది. మన పాపకు గడి లేదు" అన్నారు. చివరకు కాగితం మీదే రాసి పై అధికారులకు పంపారు. అందువల్ల ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది.

5. కమిటీ వారు ఏప్రిల్ 17న బడికి వచ్చి విచారించి పంపిన లేఖలోని వాక్యములు ఇవి: "సదరు విద్యార్థిని నోటు పుస్తకములు పరిశీలించగా చేతిరాత అత్యుత్తమముగా ఉన్నది. కావున అభ్యసన వైకల్యము లేదు. పరీక్షించిన దినమున ఒక్క వాక్యమైనను రాయలేదు. కావున ప్రతిభ ఉన్నట్లు రుజువు కాలేదు. మొండితనము గలదు. ఐదో తరగతిలోనే ఉంచి, మొదటి తరగతి వారితో కూర్చోబెట్టి రాత సాధన చేయించవలెను."

కమిటీ వారిని నేను తప్పు పట్టడం లేదు. వారి ముందున్న సాక్ష్యం ప్రకారం ఎవరైనా అట్లే రాస్తారు. తప్పుడు సాక్ష్యం తయారు చేసింది నేను.

6. ఈ అంశం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ నోటు పుస్తకాలు నా బిడ్డ రాసినవి కావు. ఒకటో తరగతి నుండి నాలుగో తరగతి ఆఖరు వరకు దాని హోంవర్కు అంతా నేనే రాశాను. ఒకటో తరగతిలో హోంవర్కు చేయలేదని అరచేతుల మీద స్కేలు దెబ్బలు తిని వచ్చింది. చెయ్యి పట్టుకుని దిద్దించాను. వేళ్లు బిగుసుకుపోయి ఏడ్చేది. ఒక రోజు సాయంత్రం అసర్ నమాజు తర్వాత, దాని చెయ్యి వదిలేసి, పెన్సిలు నేను తీసుకున్నాను. చిన్నపిల్ల రాతలా కనపడాలని మొదట్లో ఎడమ చేత్తో రాసేదాన్ని. రెండో తరగతి వచ్చేసరికి కుడి చేతికి మారిపోయాను. దాచడం ఎందుకు, నా రాత బాగుంటుంది. కుట్టిన గుడ్డలకు మెచ్చుకునేవాళ్లు ఉన్నారు గాని, పెళ్లయ్యాక నా అక్షరాన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. పుస్తకంలో ఎర్ర సిరాతో 'వెరీ గుడ్' అని పడితే నాకే వచ్చినట్టు మురిసిపోయేదాన్ని.

నేను చేసిన మేలు ఇదీ: ఇంట్లో అంత చక్కగా రాసే పిల్ల బడిలో రాయకపోతే ఏమనుకుంటారు? "ఇంట్లో రాసేకి వస్తాది, ఈడ రాదా? నాటకాలాడుతాండావా?" అని అప్పటి క్లాసు టీచరు గారు దెబ్బలు రెట్టింపు చేశారు. ఆ దెబ్బలు నా పుస్తకాల వల్ల పడ్డవి. బిడ్డకు అది తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "మా అమ్మ రాసింది" అని నోరు జారలేదు. చెప్పవద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.

7. పోయిన నవంబరు 14న, ఏడాది హోంవర్కు పుస్తకాలన్నీ చూసి, చక్కని చేతిరాతకు మొదటి బహుమతి ముస్రత్‌కు ఇచ్చారు. మూతున్న స్టీలు టిఫిను డబ్బా. మూత మీద దాని పేరు చెక్కించారు. "అక్షరాలు ముత్యాలు! అందరూ ఈ పాపను చూసి నేర్చుకోండప్పా" అని మైకులో చెప్పారు. నేను తల్లిదండ్రుల వరుసలో నిలబడి చప్పట్లు కొట్టాను. స్టేజీ మీద నా బిడ్డ డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకుని, తల దించుకుని నిలబడింది. సిగ్గు పడుతోందని పక్కనున్న ఆమె అన్నది.

ఇంటికి వచ్చాక డబ్బాను నా మిషను మీద పెట్టింది. "నీది గదా అమ్మీ" అన్నది. ఒక్కనాడూ అందులో అన్నం పెట్టుకుని పోలేదు. బతిమాలాను, తిట్టాను, చివరికి అందులో బొత్తాలు పోసుకున్నాను. బొత్తాలు తీసినప్పుడల్లా మూత మీద దాని పేరు కనపడుతుంది.

8. విచారణ నాడు నన్ను గది గడప దగ్గర నిలబడమన్నారు. బిడ్డ ముందు తెల్ల కాగితం పెట్టి, మీ ఊరి గురించి పది వాక్యాలు రాయమన్నారు. గంట సేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. గోదావరి మేడం గారు, "నోటితో అడగండి సార్, ఒక్క లెక్క నోటితో అడిగి చూడండి" అని రెండుసార్లు మనవి చేశారు. రాతపూర్వకముగా ఉండవలెనని సభ్యులు సెలవిచ్చారు. తర్వాత నోటు పుస్తకాలు తిప్పి చూసి, వారిలో పెద్దాయన ఎంతో నెమ్మదిగా అడిగారు.

"చూడమ్మా, భయపడద్దు. ఇవి నువ్వు రాసినవేనా?"

ముస్రత్ నా వైపు చూసింది. అది నాకు సైగ చేయలేదు, బతిమాలలేదు. ఊరికే చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు. "కాదు సార్, నేను రాసినా" అంటే చాలు. మోసం చేసిన తల్లి అని టీసీ ఇచ్చి పంపుతారేమో అని ఒక భయం. ఇంతమందిలో, మేడం గారి ముందు, పరువు పోతుందని ఇంకో భయం. నేను ద్వారబంధం పట్టుకుని నేల చూశాను.

"అవును సార్, నేనే రాసినా" అన్నది నా బిడ్డ.

అయ్యా, తొమ్మిదేళ్ల పిల్ల తల్లి పరువు కాపాడింది. తల్లి ఏం కాపాడిందో తమరే చెప్పాలి.

9. ఈ తప్పు నాకు కొత్తది కాదు. నా తమ్ముడు తన్వీర్‌కు కూడా రాత రాదు. వాడు పత్తి మూటను చేత్తో ఎత్తి చూసి ఇన్ని కిలోలని చెబితే కాటా మీద మారేది కాదు. చిన్నప్పుడు వాడి హోంవర్కు కూడా నేనే రాసేదాన్ని. పరీక్షలో మాత్రం నేను పక్కన లేను. పదిలో తప్పి, జిన్నింగు మిల్లులో బేళ్లు మోయడానికి పోయినాడు, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. నడుము పోయింది. ఇప్పటికీ ఆస్పత్రి చీటీ అయినా, బ్యాంకు కాగితమైనా నా దగ్గరికే తెస్తాడు. కమిటీ లేఖ వచ్చిన రోజు వాడికి చదివి వినిపించాను. నోటు పుస్తకాల సంగతి కూడా అప్పుడే చెప్పాను.

"ఆపా, నువ్వు మంచికే చేసినావు. నాకు గూడా మంచికే చేసినావు. నాకు రాదని నువ్వు అప్పుడే సార్‌కు చెప్పింటే, ఎవరైనా ఏమన్నా నేర్పుతాండ్రేమో. నాకు చేసిందే దానికీ చేస్తాండావు గదా ఆపా" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ రోజే ఈ అర్జీ రాయాలనుకున్నాను. ధైర్యం కూడగట్టుకోవడానికి ఇన్ని రోజులు పట్టింది.

10. ఏప్రిల్ 17 నుండి నా బిడ్డ లెక్కలు చెప్పడం మానేసింది. ముందు పొద్దున లేచిన దగ్గర నుండి అదే పని. ఆలూరు ఆటోలో ఎంతమంది ఎక్కారు, దారిలో ఎంతమంది దిగితే టాపు మీదివాళ్లు లోపలికి రావచ్చు, వాళ్ల నాన్న పరుపులో ఎన్ని కుట్లు వేశాడు, అన్నీ చెప్పేది. చెవులు హోరెత్తుతున్నాయి, కాస్త ఊరుకోవే అని నేనే కసిరేదాన్ని. ఇప్పుడు గుడ్డ పరిచి, "ఎన్ని చొక్కాలు వస్తాయి ముస్రత్?" అని అడిగితే, "నాకు తెలీదమ్మీ" అంటుంది. శనివారం మేడం గారు వస్తే వంటింట్లోకి పోయి తలుపు చాటున నిలబడుతోంది. గుడ్డ వృథా అయినా నాకు బాధ లేదు. ఆ గోల మళ్లీ వినపడితే చాలు.

11. పై విషయములకు రుజువు కోరుదురు. తమరి ఫైలులో ఉన్న నోటు పుస్తకముల పక్కన ఈ అర్జీని పెట్టి చూడగలరు. 'క' తలకట్టు, 'ర' గుండ్రం, పేరాకు వదిలిన జాగా, అన్నీ ఒకటే. ఇంకా అనుమానం ఉంటే మా వీధి కొళాయి గురించి రెండేళ్ల క్రితం పోయిన అర్జీలను వెతికించగలరు. మూడూ ఒకే మనిషి రాసినవని చిన్నపిల్ల కూడా చెప్పగలదు. రాత బాగున్నందుకు నేను సిగ్గుపడుతున్నది ఇదే మొదటిసారి.

కావున తమరిని వేడుకొనునది:

(అ) నా కుమార్తెను మరల విచారించి, కాగితము, పెన్ను లేకుండా నోటితో ప్రశ్నలు అడుగునట్లు ఉత్తర్వు ఇవ్వగలరు.

(ఆ) ఆరో తరగతి ప్రవేశములు ఈ నెలాఖరుకు ముగియునని చెప్పుచున్నారు. ఆ లోపుగా ఆమెను ఆరో తరగతిలో చేర్చుకొని, చెప్పినది రాసిపెట్టుటకు ఒకరిని ఇప్పించగలరు. ఆ మనిషి బంధువు కారాదని నిబంధన ఉన్నదట. మంచి నిబంధన. ఇకపై దాని పుస్తకంలో నేను ఒక్క అక్షరమూ రాయను.

(ఇ) రాయడం వచ్చే దారి వేరే ఏదైనా ఉంటే, ఆ దారి తెలిసినవారి చేత నేర్పించగలరు. అందాకా ఒకటో తరగతి వరుస నుండి లేపగలరు. ఈ ఒక్కటి ఇవాళే చేయగలరు.

(ఈ) మొండితనము గలదు అను మాటను కొట్టివేయగలరు. మోసము జరిగినది, చేసినది తల్లి. శిక్ష ఏదైనా నా పేరున రాయగలరు.

(ఉ) చేతిరాత బహుమతిని వాపసు తీసుకొని, ఆ ఏడు రెండో బహుమతి వచ్చిన పిల్లకు మొదటిది ఇప్పించగలరు. మూత మీద పేరు చెరగదు. అందుకు కొత్త డబ్బా కొని ఇవ్వడానికి సిద్ధముగా ఉన్నాను.

ఇతరుల అర్జీలలో ఈ చోట "తమరి పిల్లాపాపలు చల్లగా ఉండాలి" అని రాసేదాన్ని. తమరికీ పిల్లలు ఉంటే, వాళ్లలో ఎవరైనా తమరి ముఖం చూసి అబద్ధం చెప్పవలసిన రోజు రాకూడదని దువా చేస్తున్నాను. నా మనవిలో తప్పు ఎంత ఉందో, బిడ్డ పక్షాన న్యాయమూ అంతే ఉందని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ మెహరున్నీసా
భర్త: ఆమిర్, పరుపుల పని, ఆదోని.

జతపరచినవి:
గోదావరి మేడం గారి సిఫారసు నకలు - 1
కమిటీ వారి లేఖ నకలు - 1
స్టీలు డబ్బా, మూతతో సహా - 1 (బొత్తాలు తీసివేయబడినవి)

తా.క.: అర్జీ అంతా ముస్రత్‌కు చదివి వినిపించాను. దాని సంగతి కాబట్టి అదీ సంతకం చేయాలని పెన్ను ఇచ్చాను. "నువ్వే పెట్టమ్మీ, బాగుంటాది" అన్నది. నేను పెట్టను అన్నాను. నేను ఎదురుగా ఉంటే చెయ్యి కదలదని, మిషను వైపు తిరిగి కూర్చుని దిండు గలీబులు కుట్టుకున్నాను. రెండు గలీబులు అయ్యాయి. మూడోది సగంలో ఉండగా కాగితం తెచ్చి నా పక్కన పెట్టింది. ఈ కాగితం అడుగున ఎడమ వైపు ఉన్నది సిరా మరక కాదు. అది నా బిడ్డ పేరు. ఆఫీసులో ఎవరైనా మరక అనుకుని వేరే కాగితం మీద తిరగరాసి తెమ్మంటారేమో అని ముందుగానే విన్నవించుకుంటున్నాను.

దాన్ని కాసేపు చూసి, "ఇరవై మూడు గీతలైనాయమ్మీ. నువ్వైతే తొమ్మిది గీతల్లో రాస్తావు" అన్నది. రెండు నెలల తర్వాత దాని నోట వచ్చిన మొదటి లెక్క ఇది. తమరు ఆ పేరు చదవలేకపోతే పరవాలేదు, లెక్కపెట్టి చూడండి. ఇరవై మూడే ఉంటాయి.